సాయంకాలాన్ని అంటించిన జిగురు

కెమిస్ట్రీ చెప్పి రిటైరైన ఆ పెద్దాయన్ని యూనివర్సిటీలో అందరూ జిగురు మాస్టారనే అంటారు. ఆయన మాటల్లో ఒకసారి ఇరుక్కుంటే ఊడి రావడం ఎవరి తరమూ కాదు. సాయంత్రం గేటు ముందు టీకొట్టు బల్ల మీద ఆయన కూర్చున్నారంటే, లైబ్రరీ గుమాస్తా మొదలుకొని రీసెర్చి చేసే పిల్లల దాకా చుట్టూ చేరిపోతారు.

ఆ రోజు ఆ గుంపులో నీళ్ల పిల్ల కూడా ఉంది. కాల్చిన మట్టిబిళ్లతో మురికినీళ్లు వడకట్టే పని మీద ఏళ్ల తరబడి కూర్చుంది కాబట్టి ఆ పేరు. పని చక్కగా కుదిరింది. మర్నాడే డాక్టరేట్ కోసం పరీక్షకులొచ్చి ప్రశ్నలడిగే రోజు. కానీ నిన్న సెమినార్ హాల్లో రిహార్సల్ పెడితే, బిళ్ల రంధ్రాలు పూడుకుపోతే ఏం చేస్తారన్న మొదటి ప్రశ్నకే ఆమె నోరు పెగల్లేదు. సమాధానం రాక కాదు, నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. అన్ని కళ్లూ తన మీద పడ్డాయి, అంతే. జ్వరమని చెప్పి రేపు ఎగ్గొట్టేయాలని లోపల్లోపలే తీర్మానించుకుని, ఎవరి కంటా పడకుండా బల్ల చివర టీ గ్లాసు పట్టుకుని కూర్చుంది.

మాస్టారు అప్పటికే కథ అందుకున్నారు. "నేను రీసెర్చి చేసే రోజుల్లో మా ప్రొఫెసరు గారు, సీసాల మీద చీటీలు ఊడిపోతున్నాయయ్యా, కాస్త జిగురు కాచిపెట్టు అన్నారు. కాచాను. అంతే, గొప్పేం లేదు. చీటీ అంటించాం. మర్నాడు మారుద్దామని గోకితే రాలేదు, కత్తి పెడితే రాలేదు, చివరికి సీసా పగిలిపోయింది గానీ చీటీ మాత్రం సీసా ఆకారంలో అలాగే నిలబడి ఉంది."

"ఉంటుంది లెండి," అన్నాడు గుమాస్తా.

"ఉంటుందంటావేంటయ్యా, అందులో మేం నెల్లాళ్లు యాసిడ్ పోసుకున్నాం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక్క చుక్క బల్ల మీద పడింది, దాని మీద ప్రొఫెసరు గారు చెయ్యి ఆనించారు. కోటు చెయ్యి బల్లకి పట్టేసింది. పదిమందిమి పట్టి లాగాం. బల్ల లేచొచ్చింది, బల్లతో పాటు నేల లేచొచ్చింది, కింద క్లాసులో కూర్చున్నవాళ్లు తలెత్తి మాకు నమస్కారం పెట్టారు. ఇక లాభంలేదని ఆయన కోటు అక్కడే వదిలేసి వెళ్లారు."

"మరి గాలివాన సంగతి చెప్పండి," అంది టీకొట్టు అక్క, ఇదంతా ఆమెకి కంఠతా వచ్చు.

"ఆ ఏడు వచ్చిన గాలివానకి పక్క బిల్డింగుల కప్పులన్నీ కాగితాల్లా లేచిపోయాయి. మా కప్పుకి ముందే జిగురు పూశాను కదా, అది కదల్లేదు. కదలకపోతే పోయింది, గాలివానే దానికి అంటుకుపోయింది. ఊరంతా ఎండ కాస్తుంటే మా డిపార్టుమెంటు మీద మాత్రం వారంపాటు అదే వాన. సరే, అసలు సంగతి పరీక్షల నాడు జరిగింది. పిల్లలు రాస్తూనే ఉన్నారు, టైం అయిపోవస్తోంది. ఆ సాయంత్రపు ఎండ కిటికీలోంచి వచ్చి సరిగ్గా జిగురు గిన్నెలో పడింది. పడి, అక్కడే అంటుకుంది. సూర్యుడు లాగుతాడు, ఎండ రాదు. సాయంకాలం సాయంకాలంగానే ఉండిపోయింది. గంట కొట్టేవాడికి పొద్దు గూకితేనే కదా కొట్టేది? పిల్లలు తీరిగ్గా రాసుకుని, దిద్దుకుని, మళ్లీ రాసుకున్నారు. ఆ బ్యాచ్ మొత్తానికి ఫస్ట్ క్లాసే. ఆ రికార్డు ఇంతవరకూ ఎవరూ దాటలేదు."

అందరూ నవ్వుతున్నారు. నీళ్ల పిల్లకి మాత్రం ఇందాకటినుంచీ ఒకటే సందేహం పీకుతోంది. పనిలో లెక్క కుదరకపోతే ఆమెకి అన్నం సయించదు, అలాంటి మనిషి.

"మాస్టారూ, అన్నిటికీ అంటుకునే జిగురు గిన్నెకి అంటుకోలేదా? కప్పుకి పూయడానికి బయటికెలా తీశారు?"

మాస్టారు టీ ఒక గుక్క తాగారు. "గిన్నెకి లోపల నూనె రాశానమ్మా."

"నూనె రాస్తే అంటుకోదన్నమాట. అలాంటప్పుడు కోటు కింద కాస్త నూనె పోస్తే ఊడొచ్చేది కదండీ. ప్రొఫెసరు గారు వదిలేసి పోవడం దేనికి?"

"అప్పటికి నూనె అయిపోయింది."

"అయిపోతే, ఆ తర్వాత పరీక్షల నాటి గిన్నెకి రాసిందేమిటి?"

బల్ల చుట్టూ నవ్వులు పెళ్లున లేచాయి. గుమాస్తాకి టీ పొలమారింది. మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలెట్టారు. ఆయన్ని ఆ టీకొట్టు దగ్గర అలా నిలబెట్టిన మనిషి అంతకుముందు లేదు.

నవ్వు తగ్గాక ఆయన అద్దాలు పెట్టుకుంటూ, మామూలుగా అడిగారు. "రేపు నీ వంతు ఎన్నింటికమ్మా?"

"పదిన్నరకండీ," అంది ఆమె. అన్నాక గాని తెలియలేదు, అక్కడున్న కళ్లన్నీ ఎప్పట్నుంచో తన మీదే ఉన్నాయని.

మర్నాడు వెళ్లింది. మొదటి జవాబు బల్లకేసి చూస్తూ చెప్పింది. మూడో ప్రశ్న దగ్గర పరీక్షకుడు ఒక అంకె తప్పు చదివితే, అది కాదండీ అని తనే సరిదిద్దింది. డాక్టరేట్ ఖాయమైందని సాయంత్రానికి డిపార్టుమెంటంతా తెలిసిపోయింది.

వారం తిరక్కుండానే మాస్టారు ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని, కొత్తగా చేరిన పిల్లలకి చెబుతున్నారు. "ఈ అమ్మాయి పుట్టు మూగ. డాక్టర్లు చేతులెత్తేశారు. ఒక్క సాయంత్రం నా దగ్గర కూర్చుంది, అంతే, మాట వచ్చేసింది."

నీళ్ల పిల్ల తల వంచుకుని నవ్వుకుంది. అక్క గ్లాసులో టీ పోసి ఆయన ముందు పెడుతూ అంది,

"మూగేం కాదు మాస్టారూ. మీరుండగా ఇంకొకళ్లకి మాట్లాడే సందు ఎక్కడ దొరుకుతుంది?"