ఆడేటోళ్లు ఒక్కరే ఉంటే

సమ్మెతో మెదక్ బస్టాండు బోసిపోయిన రోజు, రిటైరైన ఇంగ్లిష్ టీచరమ్మ తాను ప్రూఫు దిద్దిన ఆట పుస్తకం గురించి దాన్ని అచ్చేసే కంపెనీ ఏమందోనని అక్కడి ఇంటర్నెట్ సెంటర్‌కు వచ్చింది. సెంటరతను మెయిల్ తెరిచాడు.

“తప్పులు మస్తు పట్టిండ్రట టీచరమ్మా. గీ ఆట ఎట్ల ఆడుతరు?”

“బల్ల చుట్టూ కూసొని, పాచికలేసుకుంట కథ నడుపుతరు. ఒకరు రాజు, ఒకరు దొంగ.”

“మీరెప్పుడన్న ఆడిండ్రా?”

“ఎవరితోని ఆడాలె బిడ్డా? మూడు పుస్తకాలు దిద్దిన, అంతే.”

“‘ఆడేటోళ్లు ఒక్కరే ఉంటే?’ అని పుస్తకంల ఓ పక్కన రాసిండ్రట గద. దానికి జవాబిచ్చిండ్రు.”

ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది.

“ఏమన్నరు?”

“‘ఒక్కరే ఎందుకుంటరు? ఆ ప్రశ్న తీసేయుండ్రి’ అన్నరు.”

ఆమె కుర్చీ వెనక్కి జరుపుకుంది.

“తీసేస్త అని రాయి బిడ్డా.”