మా అమ్మాయి చింపలేదండీ

కూర్చో అమ్మడూ, కూర్చో. ఆ స్టూలు మీద కాదు, దానికి ఒక కాలు లేదు, ఇటు రా, ఈ కాగితాల కట్ట మీద కూర్చో. ఏమిటీ, లైబ్రరీలో జరిగే సభలో మీ తాత గురించి నువ్వు మాట్లాడాలా? మీ అమ్మ మాట్లాడనందా? నన్నడగమందా? ఊఁ. అంటుందిలే. ఏం చెప్పమంటావు మరి? మంచివాడు, నిజాయితీపరుడు, పుస్తకమే ప్రాణం... ఇవన్నీ వాళ్ళే చెబుతారు, మైకు పట్టుకుని మరీ చెబుతారు. లైబ్రేరియన్‌గా ఉన్నన్నాళ్ళూ ఉష్ గారనేవాళ్ళు తెలుసా ఆయన్ని? పెద్దా చిన్నా అందరూ అంతే. ఆయన నోటిమీద వేలు పెట్టి "ఉష్" అన్నాడంటే రీడింగు రూములో ఈగ కూడా గోడకి అంటుకుపోయేది. ఇంటికొస్తే మాత్రం ఆ నోరు మూతపడేది కాదు. మీ అమ్మమ్మ కూర తరుగుతుంటే పక్కన పీట వేసుకుని కథ చదివి వినిపించడం, దొంగకో గొంతు, పోలీసుకో గొంతు! ఆవిడేమో "ముందు ఆ దొంగ దొరికాడో లేదో చెప్పండి, ఇక్కడ కూర మాడిపోతోంది" అని కేకలు. నేను గుమ్మంలో నిలబడి నవ్వుకునేవాణ్ణి. పెళ్ళాం పిల్లలంటే అంత ఇదిగా ఉండే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. అది నిజం. అందుకే ఇది చెప్పాలంటే నాకు నోరు రావడం లేదు.

పెద్ద పెద్ద పుస్తకాలే నాకు బైండింగుకి ఇచ్చేవాడు. చిన్నా చితకా రిపేర్లన్నీ సెలవురోజు ఇంట్లోనే, భోజనాల బల్ల మీదే. మీ అమ్మమ్మ జిగురు కాచేది, మీ అమ్మ గుడ్డపీలికలు కత్తిరించేది, మీ మామయ్య అప్పటికి బుడంకాయంత ఉండేవాడు, అతికించిన పుస్తకాల మీద కదలకుండా కూర్చోవడమే వాడి ఉద్యోగం. బరువుకన్నమాట. మధ్యలో వాడు నిద్రపోతే అలాగే వదిలేసేవాళ్ళు. ఇంత కాగితం ముక్క కూడా పారెయ్యనిచ్చేవాడు కాదు మీ తాత. "ముక్కే కదా అనుకోకు, ఇది లోపల వేస్తే ఆ పుస్తకం ఇంకో పదేళ్ళు బతుకుతుంది" అనేవాడు. ఆ జాగ్రత్తే కొంప ముంచింది. చెబుతా, చెబుతా, కంగారుపెట్టకు.

లైబ్రరీ గుమ్మం పక్కన ఒక నల్లబల్ల ఉండేది. ఎవడైనా పేజీ చింపాడంటే వాడి పేరు, వాడు చింపిందేమిటో దానిమీద సుద్దతో నెలరోజులు ఉండాల్సిందే. అది మీ తాత పెట్టిన రూలే. డాక్టరు గారి తమ్ముడి పేరు కూడా ఎక్కింది, వాళ్ళెంత గింజుకున్నా చెరపలేదు. సరే, ఒకరోజు దర్జీ గారి భార్య వచ్చింది. కుట్టుపనుల పత్రిక ఒకటి వచ్చేదిలే, దాని మధ్యలో మడతపెట్టి ఒక పెద్ద బొమ్మ ఉండేది, తీగమీద పిట్టలు, దళసరి కాగితం. అది కావాలంది. తెరిస్తే బొమ్మ లేదు. మీ తాత మొహం జేవురించింది. సాయంత్రం అలాగే ఇంటికెళ్ళి నడుం వాల్చాడట. తలకింద కొత్త దిండు గలీబు. దానిమీద తీగ, తీగమీద పిట్టలు. మీ అమ్మ ఆయన కోసమే కుట్టింది, నాన్నకి చెప్పకుండా, చూసి మురిసిపోతాడని. లేచి కూర్చున్నాడు. "ఈ బొమ్మ ఎక్కడిది?" "పత్రికలోది నాన్నా, రోజూ లైబ్రరీకొచ్చి చూసి గీసుకున్నాను." "చూసి గీశావా? ఇన్ని ఈకలూ చూసి గీశావా? నాకే చెబుతున్నావా?" "నేను చింపలేదు నాన్నా." అంతే, ఒక్కసారే అంది. మీ అమ్మకి రెండోసారి చెప్పే అలవాటు లేదు కదా, నీకు తెలిసిందే.

మర్నాడు నల్లబల్ల మీద మీ అమ్మ పేరు. మీ అమ్మమ్మ బతిమాలింది, "ఇంట్లో నాలుగు తిట్టండి, చాలదూ? ఆడపిల్ల పేరు వీధిలో పెడతారా?" అని. "ఊళ్ళో పిల్లలకో రూలు, నా పిల్లకో రూలా?" అన్నాడు. ఇంక చూడు, ఊరు ఊరంతా ఒకటే పొగడ్త. "మనిషంటే ఉష్ గారు! కన్నకూతుర్ని కూడా వదల్లేదు!" డాక్టరు గారి తమ్ముడైతే వచ్చి చెయ్యి కలిపి వెళ్ళాడు. నేనూ అన్నాను, ఎందుకు అబద్ధం, నేనూ శభాష్ అన్నాను. ఆయనకి అది బాగుంది అమ్మడూ. పైకి "నాదేముందండీ" అనేవాడు కానీ ఆ నెలంతా నడకే మారిపోయింది, ఛాతీ కాస్త ముందుకొచ్చింది. మీ అమ్మేమో బడికి చుట్టుదారిన పోయేది, ఆ గుమ్మం ముందునుంచి వెళ్ళలేక. తలకాయ ఇంత కిందికి వేసుకుని గోడవారగా పోయేది. కూతురు తల దించుకుంటే వచ్చిన మెప్పు అది. తల్చుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

నెల అయింది, పేరు చెరిపేశాడు. తర్వాత కొన్నాళ్ళకి ఒక లావుపాటి డిక్షనరీ నాదగ్గరికి వచ్చింది. అంతకుముందు మీ తాతే ఇంట్లో అతికించాడు దాన్ని, మళ్ళీ విడిపోయింది. వెన్ను కోసి చూద్దును కదా, లోపల దళసరి కాగితం పీలికలు. ఒకదానిమీద పిట్ట ముక్కు. ఇంకోదానిమీద రెక్క. తడిపి ఒక్కొక్కటే ఊడదీసి బల్లమీద పేర్చాను. తీగ కూడా వచ్చింది. ఆ బొమ్మ పత్రికలోంచి ఊడి బోర్లా పడుంటుంది, వెనకవైపు తెల్లగా ఉంటుంది కదా, మంచి కాగితమే అని ఆయనే కత్తిరించి వేసేశాడు. కబురు చేస్తే వచ్చాడు. చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. "ఇది ఎవరికైనా చూపించావా?" అన్నాడు. లేదన్నాను. అన్నాక నావైపు చూశాడు. తను అడిగిందేమిటో అప్పుడు తెలిసొచ్చినట్టుంది, మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. అంత పెద్దమనిషి నా కొట్లో అలా కూర్చుంటే నాకు ఎటు చూడాలో తెలియలేదు. పక్కవాడి సిగ్గు చూడ్డం కూడా సిగ్గే, నీకు అనుభవం లేదు.

నల్లబల్ల మీద తన పేరు రాసుకున్నాడు, చేసిందంతా పూర్తిగా రాసుకున్నాడు. ఏమైందనుకున్నావు? మళ్ళీ అదే! "అబ్బ, ఎంత గొప్పవాడండీ! తప్పు ఒప్పుకోవాలంటే ఆయన తర్వాతే!" జనం పనిగట్టుకుని వచ్చి దణ్ణాలు పెట్టి పోయారు. మీ అమ్మ ఆరోజు నేరుగా ఆ గుమ్మం దగ్గరికే వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. చదివింది. "నాన్నా, నా పేరు రాసినప్పుడూ నిన్నే మెచ్చుకున్నారు. నీ పేరు రాసుకున్నా నిన్నే మెచ్చుకుంటున్నారు" అంది. అరవలేదు, ఏడవలేదు. బడి సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఆయనకి తల కొట్టేసినట్టయింది. ఆ బల్ల ఊడదీయించి నాకే ఇచ్చేశాడు. ఇంకెవరి పేరూ రాయలేదు.

ఇక అప్పట్నించీ పట్టుకుంది ఆయనకి. పుస్తకం మీద ముద్ర వేస్తూ "మా అమ్మాయి చింపలేదండీ" అనేవాడు. ఎవరొచ్చినా అదే. ఊళ్ళోకి కొత్తగా వచ్చినవాళ్ళు తెల్లమొహం వేసేవాళ్ళు. "ఏం చింపలేదండీ? ఎవరమ్మాయి?" అని పక్కవాణ్ణి అడగడం, వాడు మొదట్నించీ చెప్పడం! తెలియనివాళ్ళకి కూడా తెలిసింది. "ఇక ఆపండి, దాని పేరు మీరే ఊరేగిస్తున్నారు" అని మీ అమ్మమ్మ నెత్తి కొట్టుకునేది. ఆపడం ఆయన తరమా?

మీ నాన్నవాళ్ళు సంబంధం మాట్లాడ్డానికి వచ్చారు. నన్నూ పెద్దమనిషని కూర్చోబెట్టారు, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. మాటలన్నీ బాగానే సాగుతున్నాయి. ఉన్నట్టుండి మీ తాత "మా అమ్మాయి ఆ పేజీ చింపలేదండీ" అనేశాడు. మీ నాన్న తండ్రి కాఫీ గ్లాసు కింద పెట్టి "ఏ పేజీ?" అన్నాడు. మీ అమ్మమ్మ కళ్ళు మూసుకుంది. నాకు కుర్చీలోంచి లేచి పారిపోదామనిపించింది. అప్పుడు మీ అమ్మ లోపల్నించి వచ్చి, అందరి ముందూ నిలబడి, "చింపింది ఆయనేనండీ. పేరు నాది రాశారు. నేను కాదని చెప్పినా నమ్మలేదు" అంది. మీ తాత "అవునండీ" అన్నాడు. అంతే. ఆ గదిలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, అబ్బ ఎంత గొప్పవాడండీ అనలేదు. వాళ్ళకి ఆయనెవరో తెలియదు కదా. ఊరికే చూశారు ఆయనవైపు, కూతుర్ని నమ్మని తండ్రిని ఎలా చూస్తారో అలాగే చూశారు. ఆయన తల దించుకున్నాడు, ఆ తల ఇక ఎత్తలేదు. మీ అమ్మ వచ్చి ఆయన పక్కనే కూర్చుంది. నల్లబల్ల మీద పేరెక్కాక నలుగురిలో ఆయన పక్కన మీ అమ్మ కూర్చోవడం అదే మొదటిసారి...

అదిగో, చినుకులు మొదలయ్యాయి. గొడుగు తెచ్చుకున్నావా లేదా?