తొట్టిలో సముద్రాన్ని తిప్పిన బుడాన్

"గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు మేడమ్," అన్నాడు బుడాన్, బెంచీకి సరిగ్గా మధ్యకు జరిగి కూర్చుంటూ. "గుంటూర్లో ఒక మిర్చి వ్యాపారి ఇంట్లో సముద్రపు చేపల తొట్టి మోటారు బాగుచేశాను. అంతే. దాన్ని పట్టుకుని జనం ఏదేదో అంటారు."

జనం ఏదేదో అనబట్టే క్రిస్టీనా వచ్చింది. సత్తెనపల్లిలో ఒక ప్రైవేటు కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో ఆమె అసిస్టెంటు. ఆ ల్యాబ్‌లో ఒక ఉప్పునీళ్ల తొట్టి ఉంది. అందులో నాలుగు పగడపు గుత్తులు, నారింజ రంగు మీద తెల్లచారలున్న చేపల జంట, ఆ జంట రాతి మీద పెట్టిన గుడ్లు. పెట్టి ఆరు రోజులైంది. రేపో ఎల్లుండో పిల్లలవ్వాలి. పొద్దున చూస్తే నీళ్లు తిప్పే మోటారు ఆగిపోయి ఉంది. నీళ్లు కదలకపోతే వాటికి గాలి అందదు. ఇలాగే వదిలేస్తే సాయంత్రానికి గుడ్లే కాదు, చేపలూ ఉండవు. కొత్త మోటారు రావడానికి మూడు రోజులు పడుతుందన్నారు. ల్యాబ్‌లో క్రిస్టీనా స్నేహితురాలు, లెక్చరర్ శ్రీరమ్య మగ్గుతో నీళ్లు ముంచుతూ పైనుంచి పోస్తూ నిలబడి ఉంది. ఆగిన మోటారును క్యారీబ్యాగులో వేసుకుని క్రిస్టీనా బుడాన్ వైండింగ్ షాపుకొస్తే, అతను ఎదురుగా షాజాదీ టీకొట్లో కూర్చుని ఉన్నాడు.

బోరు మోటార్లు చుట్టడంలో బుడాన్ చెయ్యి మంచిదే. కానీ అలవాటు కొద్దీ దీనికీ కాస్త గ్రీజు పట్టించాడంటే తొట్టిలో ఒక్క ప్రాణీ మిగలదు. అందుకే ఆమె సంచి చేతికివ్వకుండా, గుంటూర్లో ఏం చేశారని ముందు అడిగింది. అలా అడగడమే పొరపాటైంది.

"ఆ హాల్లోకి వెళ్లాను మేడమ్. తొట్టంటే మీ ల్యాబ్‌లో ఉండేలాంటిది కాదు, గోడంత అద్దం. చేపలన్నీ అద్దానికి మూతులానించి నన్నే చూస్తున్నాయి. అప్పటికి హైదరాబాదు నుంచి ఒకడు, చెన్నై నుంచి ఒకడు వచ్చి చేతులెత్తేసి వెళ్లారు. నేను సామాను సంచి కూడా దించలేదు, అద్దానికి చెవి ఆనించాను. అంతే, జబ్బు దొరికింది!"

"మోటారు ఆగిపోయిందన్నావుగా. ఆగిన మోటారు ఏం వినిపిస్తుందిరా?" అన్నాడు యేసుపాదం. అతనిది మిర్చి చేను. కాలిన బోరు మోటారు తెచ్చి బుడాన్ షాపులో పడేసి పొద్దుటినుంచీ కూర్చున్నాడు.

"ఆగినదాన్ని వినడమే పనితనం. తిరుగుతున్నదాన్ని ఎవడైనా వింటాడు. నువ్వు మధ్యలో అడ్డం రాకు. ఆ బుల్లి మోటారు పక్కన పడేసి, మన ఏడున్నర హెచ్‌పీ బోరు మోటారు దించాను తొట్టిలో. స్టార్టర్ నొక్కాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఫ్యూజు పోయింది," అంది షాజాదీ, టీ వడపోస్తూ.

"లేదక్కా! నీళ్లు ఎదురు తిరగడం మొదలెట్టాయి. చేపలన్నీ తోక ముందుపెట్టి ఈదుతున్నాయి. పాపం, ఎక్కడికి పోతున్నాయో వాటికే తెలీదు. వ్యాపారి భార్య చూసి కళ్లు తిరిగి సోఫాలో పడిపోయింది. నేను మాత్రం నవ్వాను. మోటారు రివర్స్ తిరుగుతోంది. ఏం చేస్తాం? చెప్పు యేసుపాదం."

"రెండు వైర్లు అటూ ఇటూ మారుస్తాం." ఆ మాట అనకుండా ఉండలేకపోయాడు యేసుపాదం. బోరున్న రైతెవరైనా అదే అంటాడు.

"మార్చాను! ఇక చూడండి మేడమ్, తొట్టిలోంచి ఒక అల లేచింది. లేచి సీలింగు ఫ్యాన్‌కి తగిలింది. హాలంతా ఉప్పువాన. ఆ అల గుమ్మం దాటింది, మెట్లు దిగింది, రోడ్డెక్కింది. ఆటోలు పడవల్లా తేలుతున్నాయి. డ్రైవర్లు మాత్రం మీటర్ కంటే ఎక్కువే అడుగుతున్నారు. అది తిన్నగా మిర్చి యార్డులోకి పోయింది. అప్పటిదాకా ఆ చేపలు తెల్లగా పాలమీగడలా ఉండేవి. ఎర్రటి మిర్చి గుట్టల్లో పొర్లాయి చూడండీ, ఆ రంగు పట్టేసింది. గోతాల పురికొస తగిలినచోట మాత్రం తెల్లచార మిగిలింది. మీ తొట్టిలో చేపలకు చారలున్నాయా లేవా?"

"ఉన్నాయి," అంది క్రిస్టీనా. ఆమె ఫోను మోగింది. శ్రీరమ్య. "చెయ్యి పడిపోతోందే బాబూ. ఇంకెంతసేపు?" "ఎడం చేత్తో పొయ్యి, వస్తున్నా," అని పెట్టేసింది.

బుడాన్ ఆగలేదు. "అంతలో సూర్యలంక నుంచి జాలర్లు ఫోన్. 'బుడాన్ గారూ, మీ కాళ్లకు దణ్ణం, మోటారు ఆపండి! సముద్రం రెండు మైళ్లు వెనక్కి పోయింది, మా పడవలన్నీ ఇసకలో కూర్చున్నాయి!' అప్పుడు చూసుకున్నాను. నేను తిప్పుతున్నది తొట్టిలో నీళ్లు కాదు మేడమ్, మొత్తం సముద్రాన్నే..."

క్రిస్టీనా సంచిలోంచి మోటారు తీసి టీ గ్లాసుల పక్కన పెట్టింది. గుప్పెట్లో పట్టేంత మోటారు. దాని వైరు చివర ప్లగ్గు.

"బుడాన్ గారూ, ఇలాంటిదేనా మీరు బాగుచేసింది?"

"ఇదే... అంటే, ఇలాంటిదే."

"వైర్లు మార్చాల్సింది మూడు వైర్లుండే త్రీ ఫేజ్ మోటారుకి. ఇది ఇంట్లో కరెంటుతో నడిచేది, దీనికున్నవే రెండు. అటూ ఇటూ మారిస్తే ఏమవుతుందండీ?"

షాజాదీ గరిటె ఆగింది. యేసుపాదం ముందు ప్లగ్గు వంక, తర్వాత బుడాన్ వంక చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏరా, దీన్ని పట్టుకునా సముద్రాన్ని లాగావు!"

"అక్కడ ప్రాణాలు పోతున్నాయండీ," అంది క్రిస్టీనా. ఆమె నవ్వలేదు. "నిజంగా ఏం చేశారో అది చెప్పండి."

బుడాన్ మోటారు చేతిలోకి తీసుకున్నాడు. గొంతు బాగా కిందికి దిగింది. "నిజంగానే మార్చానమ్మా, అలవాటు. ఏమీ అవలేదు. వ్యాపారి నా ముఖమ్మీదే నవ్వాడు. అప్పుడు మూత తిప్పి తీసి చూస్తే, లోపల తిరిగే అయస్కాంతానికి సున్నం గట్టిగా పట్టి ఉంది. మన బోరు పైపుల్లో పడుతుందే, అదే. నిమ్మఉప్పు నీళ్లలో నానబెట్టి, బ్రష్‌తో తోమి పెట్టాను. తిరిగింది."

"గ్రీజు?"

"వద్దన్నాడు వ్యాపారి. నేను పట్టించబోతే చెయ్యి పట్టుకు ఆపాడు."

ఇంత చిన్న సంగతి అబద్ధమై ఉండదనిపించింది క్రిస్టీనాకి. "కానివ్వండి," అంది.

మూత తీస్తే అయస్కాంతం నిండా తెల్లటి పెచ్చు. లెమన్ టీ కోసం ఉంచిన నిమ్మఉప్పు షాజాదీ వేడినీళ్లలో కలిపిచ్చింది. అందులో అది నానిన పావుగంటా బుడాన్ పక్కనే కూర్చుని పెచ్చు ఊడడం చూశాడు. తర్వాత కొత్త బ్రష్ కొనుక్కొచ్చి తోమాడు. మంచినీళ్లతో నాలుగుసార్లు కడిగి, బిగించి, బకెట్లో దించి ప్లగ్గు పెట్టాడు. చిన్న చప్పుడు, రెండు మూడు బుడగలు. ఆ వెంటనే బకెట్లో నీళ్లు మెల్లగా సుడి తిరిగాయి.

"నెలకోసారి ఇలా కడిగితే చాలమ్మా. నా దాకా రానక్కర్లేదు."

క్రిస్టీనా స్కూటీ తీస్తూ ఫోన్ చేసింది. "శ్రీరమ్యా, ఇంకో పది నిమిషాలు పొయ్యి. తిరుగుతోంది."

"పోస్తాలే," అంది అవతలి గొంతు, ఈసారి అలసట లేకుండా. "గుడ్లలో కళ్లు కనబడుతున్నాయే. వెండి చుక్కల్లా. మూడొందలదాకా ఉంటాయి."

స్పీకర్లో వచ్చిన ఆ అంకె బుడాన్ చెవిన పడింది. చేతులు తుడుచుకుని బెంచీకి మళ్లీ మధ్యకు జరిగాడు. "విన్నావా అక్కా? ఇవాళ ఒక్కరోజున మూడొందల చేపల్ని ఈ చేత్తో..."

"ముందు వాటిని పుట్టనీరా," అన్నాడు యేసుపాదం.