గొంతు విడిపించే మాటలు

ఆస్ట్రేలియా నడిబొడ్డున, ఆదివాసుల బడి వరండాలో పొగాకు నములుతున్న పెద్దావిడ పక్కన చెల్లెలి కూతురు వచ్చి కూర్చుంది. ఆ అమ్మాయి ఆ బడిలోనే పంతులమ్మ.

“పెద్దమ్మా, అమ్మ పోయాక మన భాష పాఠం ఆగిపోయింది. ఆమె చెప్పిన పాఠాలు రికార్డులో ఉన్నాయి. నువ్వు ఒప్పుకుంటే పిల్లలకు వినిపిస్తాను.”

“పోయినవాళ్ల గొంతు వినకూడదే. తెలిసే అడుగుతున్నావా?”

“తోడబుట్టిన అక్క ఆ గొంతును విడిపిస్తే వినొచ్చుగా. సమాధి దగ్గర పొగ వేసి, గొంతు విడిపించే ఆ నాలుగు మాటలూ నువ్వు చెబితే చాలు.”

“మన భాషలో చెప్పాలి. లేకపోతే మీ అమ్మకు వినపడదు.”

“అవును.”

“నన్ను చిన్నప్పుడే తెల్లవాళ్లు మిషన్ బడికి ఎత్తుకుపోయారే, మన భాష నాకెక్కడ వచ్చు? మీ అమ్మ చంటిది గనుక మీ అమ్మమ్మ దుప్పటి కింద దాచగలిగింది. నాకు ఇంగ్లీషు ప్రార్థనలు వచ్చు, చదవనా?”

“వేళాకోళం వద్దు పెద్దమ్మా. ఇప్పుడైనా ఆ మాటలు నేర్చుకోరాదూ?”

“నువ్వు నేర్పు.”

“తల్లి బతికుండగా కూతురు ఆ మాటలు నేర్వకూడదన్నారు. నాకు రావు.”

“మరింకెవరికి వచ్చు?”

“ఎవరికీ రావు. అమ్మ వాటిని కూడా రికార్డులోనే చెప్పి పెట్టింది.”

పెద్దావిడ పొగాకు ఉమ్మేసి బడి గేటు వైపు చూసింది.

“పిల్లలు వచ్చేశారు. లోపలికి వెళ్లు.”

“వెళ్లి ఏం చెప్పను?”

“ఇంగ్లీషు చెప్పు.”