గుడ్డలో నిలిచిన మట్టి

రైతు వాళ్ళ తాత తన పొలం కోసం కట్టించిన చెరువు మట్టికట్ట అది. కట్ట అడుగున నీళ్ళు ఊరేచోట పెట్టిన గొట్టం ముందు రైతూ, తనిఖీకి వచ్చిన ఇంజనీరమ్మా వంగి చూస్తున్నారు.

“ఈ గొట్టానికి గుడ్డ ఎందుకు కట్టారండీ?”

“మా ఆవిడ కట్టింది మేడమ్. మేం తాగేది ఈ ఊటనీళ్ళే. తాత నాటినుంచీ అద్దంలా ఉండేవి. మొన్న వానల తర్వాత ఎర్రబడ్డాయి.”

“గుడ్డలో మట్టి నిలుస్తోందా?”

“రోజూ దోసెడు. ఇప్పుడు నీళ్ళు మళ్ళీ తేటగా వస్తున్నాయి, చూడండి.”

“ఆ మట్టి ఏం చేస్తున్నారు?”

“మెత్తగా ఉందని పూలకుండీల్లో పోస్తోంది.”

“ఎన్ని నిండాయి?”

“పదకొండు.”

“అదంతా ఈ కట్ట కడుపులో మట్టేనండీ. ఊట తేటగా ఉన్నంతకాలం భయం లేదు. మట్టి తెస్తోందంటే లోపల గుల్లవుతోందని, కట్ట ఎప్పుడైనా తెగొచ్చని అర్థం. ఇవాళే తూము ఎత్తి నీళ్ళు వదిలేయాలి.”

“చేను పొట్ట మీదుంది మేడమ్, ఇప్పుడు నీళ్ళు లేకపోతే గింజ పట్టదు.”

“కింద ఆ రేకుల ఇల్లు ఎవరిది?”

“మా తమ్ముడిది. మాకు మాటల్లేక ఏడేళ్ళు.”

“వాళ్ళు ముందు ఇల్లు ఖాళీ చేయాలి. నేను వెళ్ళి చెప్పనా?”

“మీరు చెప్తే నమ్మడు. నేను వాడి గుమ్మం ఎక్కితే చాలు, ఇంక చెప్పక్కర్లేదు.”