కొల్లేటికోట గొట్టం పొయ్యి

అబద్ధమాడితే అతికినట్టుండాలని పెద్దలు ఊరికే అనలేదు గానీ, కొల్లేటికోట బుల్లిరాజు గారికి అతుకులు వేసే ఓపిక ఎక్కడిది? ఆయన తానులకి తానులే పరిచేస్తారు. ఏలూరులో తమ్మిలేరు గట్టు దగ్గర నాగదుర్గ టీ కొట్టు బెంచీ మీద ఆయన కూచున్నారంటే గ్లాసులో టీ చల్లారాలి గానీ ఆయన నోరు చల్లారదు. మామూలు రోజుల్లో అయితే అది ఊరికే దొరికే కాలక్షేపం. ఆ రోజు మాత్రం ఆ కోతల మీద ఒక మనిషి బతుకుతెరువు ఆధారపడి ఉంది.

ఆ మనిషి అబ్దుల్ జబ్బార్. టీ కొట్టుకి ఎదురుగా ఉన్న బిర్యానీ కొట్టు ఆయనదే. తండ్రి నాటి నుంచీ కట్టెల పొయ్యి, దాని మీద దమ్ బిర్యానీ. పొయ్యి రాజేసేది జబ్బార్ అయితే, దమ్‌కి గిన్నె మూత మీద నిప్పులు పేర్చేది ఆయన భార్య చాంద్ బీ. అన్నీ సవ్యంగా సాగుతుండగా కొట్టు పైన మేడలోకి చిన్నపిల్లల ఆసుపత్రి వచ్చింది. అప్పట్నుంచీ జబ్బార్ పొయ్యి వెలిగిస్తే చాలు, పై కిటికీలు టపటపా మూసుకోవడం మొదలైంది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా ఆయనకి సిగ్గుగా ఉండేది. పసిపిల్లల ఊపిరి కదా.

చివరికి కార్పొరేషన్ వాళ్ళు ఆ వీధిలో పొగ రాకూడదని బోర్డు పెట్టారు. శానిటరీ ఇన్‌స్పెక్టరు గారు మర్యాదగానే చెప్పి వెళ్ళారు. "సాయంత్రం నాలుగింటికి వస్తానండీ. పొగ రాని పొయ్యేదో కొని నా ఎదురుగా వెలిగించి చూపించండి. పొగొచ్చిందంటే మాత్రం వంటగదికి సీలు వెయ్యక తప్పదు."

ఇప్పుడు మూడు దాటింది. సన్నగా వాన. పొయ్యిల షాపు కుర్రాడు సాయికృష్ణ ట్రాలీ ఆటోలో రెండు పొయ్యిలు, ఓ కొబ్బరి చిప్పల బస్తా తెచ్చి, టార్పాలిన్ కప్పి, తాను ముందు సీట్లో ముడుచుకుని కూచున్నాడు. జబ్బార్ కోరింది ఇక్కడ దింపాలి, మిగిలింది తాడేపల్లిగూడెం వెళ్ళాలి. మొదటిది ఫ్యాను పొయ్యి. కింద చిన్న ఫ్యాను గాలి కొడుతుంది, ఎండు పుల్లలు, కొబ్బరి చిప్పలు వేస్తే పొగ లేకుండా మండుతుంది. కానీ మొత్తం బూడిదైపోతుంది, ఒక్క నిప్పు మిగలదు. నిప్పు లేకపోతే దమ్ ఏదీ? రెండోది గొట్టం పొయ్యి. పెద్ద దుంగలు పడతాయి, నిప్పులూ మిగులుతాయి. ఎవరో కొన్నాళ్ళు వాడి వెనక్కిచ్చిన సరుకని షాపు ఓనరు ముందే చెప్పాడు. పొగ సంగతి అడిగితే మాత్రం, "కట్టెలు ఎండినవైతే ఫరవాలేదండీ" అన్నాడు. జబ్బార్ దగ్గరున్న సరుగుడు కట్టెలన్నీ వానకి తడిసి ఉన్నాయి.

అలాంటి గొట్టం పొయ్యి వాడిన మనిషి జబ్బార్ ఎరిగినంతలో ఒక్కరే ఉన్నారు, అదీ బుల్లిరాజు గారు. పక్షులున్న చోటు కాబట్టి కొల్లేట్లో పొగ పెట్టనివ్వరని, తన చేపల చెరువు దగ్గర పెట్టుకున్నారట. ఆయన మాటల్లో తాలు ఎంతో జబ్బార్‌కి తెలుసు. అయినా చెరిగి చూస్తే నాలుగు గింజలైనా దొరక్కపోతాయా అని రోడ్డు దాటి వచ్చాడు.

"రాజుగారూ, ఒక్క మాట చెప్పండి. తడి కట్టెలేస్తే ఆ గొట్టం పొయ్యిలోంచి పొగొస్తుందాండీ?"

బుల్లిరాజు గారు గ్లాసు పక్కన పెట్టి, బెంచీ మీద మఠం వేసుకున్నారు.

"పొగా? జబ్బారూ, నువ్వు అడగాల్సింది పొగ గురించి కాదయ్యా. మొన్న శ్రావణంలో ఇలాంటి వానే, చెరువు గట్టున పాకలో ఉన్నాను, టీ తాగుదామని చూస్తే కట్టెలు తడి, తడంటే మామూలు తడి కాదు, పిండితే నీళ్ళు కారుతున్నాయి, సరే చూద్దామని పొయ్యిలో దూర్చి అగ్గిపుల్ల గీశాను. గుప్పున అంటుకుంది! పొగ ఇంతైనా లేదు. మా కాపలావాడు వచ్చి పొయ్యి ఆరిపోయిందనుకుని లోపల చెయ్యి పెట్టాడు, చురుక్కుమని కాలింది. అప్పుడు గానీ నమ్మలేదు వాడు, పొయ్యి వెలుగుతోందని."

"అయ్యో పాపం" అంది నాగదుర్గ, పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ.

జబ్బార్ ఆశగా ఒక అంగుళం ముందుకి జరిగాడు. కథ ఇంతవరకూ నమ్మదగ్గదే.

"అలాంటి వస్తువుని ఊరికే ఉంచుతామా? పెళ్ళిలో పెట్టిన ఇత్తడి బిందె మీద పేరు కొట్టిస్తాం కదా, అలాగే ఏలూరు నుంచి పేర్లు కొట్టేవాణ్ణి పిలిపించి, గొట్టం మొదట్లో చుక్కల అక్షరాలతో నా పేరు, ఊరు పేరు కొట్టించాను. వందేళ్ళకైనా అది ఎవరి పొయ్యో తెలియాలిగా! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైందండీ?" అన్నారు పాండురంగారావు గారు. ఈయన రిటైరైన బస్సు కండక్టరు, ఎవరేం చెప్పినా రైట్ రైట్ అనడం అలవాటైపోయిన మనిషి.

"గూడబాతు వచ్చి గొట్టం మీద గూడు పెట్టింది! కింద పొయ్యి మండుతోంది, పైన అది గుడ్లు పొదుగుతోంది. పొదగడం కూడా కాదు, గుడ్లు పెట్టేసి చేపలకి వెళ్ళిపోయేది, వేడికి గుడ్లు వాటంతటవే పిగిలేవి. పిల్లలు బయటికొచ్చాయి. తెల్లగా మల్లెపూలండీ! రెక్కల మీద మసి చుక్క ఉంటే నా మీసం తీసేస్తాను. గొట్టంలోనే మసి లేదు, ఇహ రెక్కలకి ఎక్కడంటుకుంటుంది?"

"రైటే" అన్నారు పాండురంగారావు గారు.

జబ్బార్ గోడ గడియారం చూశాడు. మూడుంపావు. ఆటోలోంచి సాయికృష్ణ తల బయటపెట్టి, "ఏది దింపమంటారండీ? గూడెం వాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు" అని కేకేశాడు.

"ఒక్క నిమిషం నాయనా." జబ్బార్ అటు చెయ్యూపి ఇటు తిరిగాడు. "రాజుగారూ, పక్షుల సంగతి వదిలేయండి. తడి కట్టెలు. పొగ. నాకు అదొక్కటి చాలండీ."

"అక్కడికే వస్తున్నానయ్యా, ఆ కంగారేంటి! నా చెరువు దగ్గర పొయ్యి ఉందని తెలిసి పట్టుకుందామని ఇద్దరు ఆఫీసర్లు దోనె వేసుకుని వచ్చారు. పొగ చూసుకుంటూ వద్దామనుకున్నారు, పొగ ఉంటేగా? మూడు రోజులు కొల్లేరంతా తిరిగారు. చివరికి ఆకలేసి, దారి తెలీక, నా పాకకే వచ్చి పడ్డారు. ఆ పొయ్యి మీదే వండి పెట్టాను. తిన్నారు, చెయ్యి కడుక్కున్నారు, 'పొయ్యి ఎక్కడండీ?' అన్నారు. పొయ్యికి ఆనుకుని కూచుని మరీ అడిగారు!"

నాగదుర్గ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జబ్బార్ నవ్వలేదు. నవ్వడానికి ఆయన దగ్గర టైము లేదు.

"అసలు విషయం వినండి. అది పొగ వదలదు సరే, బయట పొగని లోపలికి పీల్చుకుంటుంది! కోతలైపోయాక చుట్టుపక్కల చేలల్లో గడ్డి తగలబెడతారు కదా, ఆ పొగంతా బారులు తీరి వచ్చి నా గొట్టంలో దూరింది. ఆకాశం కడిగిన పళ్ళెంలా అయిపోయింది. పాక ముందు నిలబడి చూస్తే ఉండి ఊరు, దాని వెనకాల భీమవరం, ఇటు తిరిగితే తాడేపల్లిగూడెం. గూడెం ఉల్లిపాయల మార్కెట్లో ఎవరు ఏ బస్తా దగ్గర కళ్ళు తుడుచుకుంటున్నారో అంతా కనబడింది. ఇక పొయ్యిలో ఏం వేసినా అయిపోవడమే. పొగ లేదు, మసి లేదు, బూడిద లేదు, ఒక్క నిప్పురవ్వ కూడా మిగలదు. దుంగ వేస్తే దుంగ జ్ఞాపకం కూడా ఉండదు!"

ఇదంతా తాలే అని జబ్బార్‌కి తెలియదా? తెలుసు. కానీ మునిగేవాడికి గడ్డిపోచ చాలంటారు. ఎంత కోసినా, మొదట చెప్పిన ఆ టీ సంగతి నిజమే అయ్యుంటుందని మనసుకి నచ్చజెప్పుకున్నాడు. అది నిజం కావాలి. నిజమైతే తడి కట్టెలతో గట్టెక్కుతాడు, దమ్ మిగులుతుంది, తండ్రి పెట్టిన కొట్టు మిగులుతుంది. ఆటో వైపు తిరిగి చెయ్యెత్తాడు.

"సాయికృష్ణా, గొట్టం పొయ్యే దింపు."

సాయికృష్ణ దిగి టార్పాలిన్ తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే చాంద్ బీ గొడుగేసుకుని రోడ్డు దాటి వచ్చి చూరు కింద నిలబడింది. బుల్లిరాజు గారికి కొత్త శ్రోత దొరికింది, ఊపు హెచ్చింది.

"రామ్మా చెల్లెమ్మా! నీ పనికొచ్చే ముక్కే చెబుతున్నాను. కిందటి జాతరకి మా ఊరు వచ్చిన జనమందరికీ ఆ ఒక్క పొయ్యి మీదే కొరమేను బిర్యానీ వండించాను. గిన్నె సరిపోక దోనెనే గిన్నె చేశాం. ఇంకో దోనె బోర్లించి మూత. పిండితో అంచులు మూసి, మూత నిండా భగభగలాడే నిప్పులు పేర్చి, దమ్ పెట్టామమ్మా! ఆ వాసనకి కైకలూరులో బస్సులు ఆగిపోయాయి."

"రైట్..." అనబోయి, కండక్టరుగా బస్సులు ఆగిపోవడం నచ్చక పాండురంగారావు గారు ఆగిపోయారు.

చాంద్ బీ గొడుగు మూసి నీళ్ళు దులిపింది. "అన్నయ్యగారూ, మీ గొంతు రోడ్డవతలికి వినబడుతోందండీ, అంతా విన్నాను. ఆ పొయ్యిలో ఒక్క నిప్పురవ్వ కూడా మిగలదన్నారు. మరి మూత మీదికి నిప్పులు ఎక్కడివండీ?"

పాల గిన్నెలో గరిటె ఆగింది. బుల్లిరాజు గారు మఠం విప్పి కాళ్ళు కిందికి దించారు.

"నిప్పులా? అవి... అవి పొయ్యిలోవి కాదమ్మా. ఇస్త్రీ బళ్ళవి! ఏలూరులో ఉన్న ఇస్త్రీ బళ్ళన్నీ దోనెలెక్కించి తెప్పించాను. ఇస్త్రీపెట్టెల్లో బొగ్గులు రాజేసి ఉంటాయి కదా, అవన్నీ మూత మీద కుమ్మరించాం. బొగ్గుకి పొగేముంది?"

చాంద్ బీ ఏదో తట్టినట్టు వీధి చివరికి చూసింది. అక్కడ చూరు కింద ఇస్త్రీ బండి వెంకట్రాజు పెట్టె ఊపుకుంటూ బొగ్గులు రాజేస్తున్నాడు. ఎర్రగా కణకణలాడుతున్నాయి. పొగ లేదు.

"అమ్మగారూ, కాస్త చెయ్యి వెయ్యండి, జారిపోతోంది" అని సాయికృష్ణ ఆటో దగ్గర్నుంచి పిలిచాడు. గొట్టం పొయ్యి సగం కిందికి దిగి ఒరిగిపోతోంది. నాగదుర్గ పరిగెత్తి గొట్టం పట్టుకుంది, వెంటనే వదిలేసి అరచేతులు చూసుకుంది. రెండూ నల్లగా ఉన్నాయి.

"ఇదేం మసండీ బాబూ!" అని, బల్ల తుడిచే గుడ్డతో గొట్టం మొదలంతా ఒక్క తుడుపు తుడిచింది. మసి కింద నుంచి చుక్కలు బయటపడ్డాయి. చుక్కలు అక్షరాలయ్యాయి. నాగదుర్గ వంగి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని గట్టిగా చదివింది.

"కె... బుల్లి... రాజు. కొల్లేటి... కోట."



సాయికృష్ణ పొయ్యినీ, బెంచీ మీదున్న పెద్దమనిషినీ మార్చి మార్చి చూశాడు. "మీరేనాండీ ఆ బుల్లిరాజు గారు? కిందటి నెల మీ మనుషులు తెచ్చి దింపేశారండీ. తడి కట్టెలేస్తే పాకలో మనిషికి మనిషి కనబడటం లేదని, కళ్ళ మంటలకి సత్యవతిగారు పుట్టింటికెళ్ళిపోయారని చెప్పారండీ."

సత్యవతి గారంటే బుల్లిరాజు గారి భార్య. పాండురంగారావు గారు ఈసారి రైటనలేదు.

జబ్బార్ అరచేత్తో బెంచీని చరిచాడు. "రాజుగారూ! ఇంకో అరగంటలో ఇన్‌స్పెక్టరు గారొస్తారండీ. మీ మాట నమ్మి ఈ పొయ్యి వెలిగించి ఉంటే నా కొట్టుకి సీలు పడేది. పైన పసిపిల్లలకి ఊపిరాడేది కాదు. మిమ్మల్ని అడిగింది ఒక్క ముక్కేగా? వస్తుందా, రాదా?"

"అది కాదు జబ్బారూ," బుల్లిరాజు గారు చల్లారిన టీ గ్లాసులోకి చూస్తూ అన్నారు, "ఆ పేరుతో మా ఊళ్ళో ఇంకొకాయన..."

"పోనివ్వండి" అంది చాంద్ బీ భర్తతో. "నాయనా, అది ఎక్కించెయ్యి. ఫ్యాను పొయ్యి దింపు, ఎండు చిప్పల బస్తా కూడా. నిప్పులకి వెంకట్రాజు ఉన్నాడు, రోజూ రెండు మూకుళ్ళ బొగ్గు రాజేసి ఇవ్వమందాం. దమ్ నా పూచీ."

కొట్టు ముందే పొయ్యి దింపి, చిప్పలు వేసి, పైన గిన్నె పెట్టి, జబ్బార్ అగ్గిపుల్ల గీశాడు. ఫ్యాను బుయ్యిమంది. ఆయన మంట వైపు చూడలేదు, తలెత్తి మేడ వైపే చూస్తూ నిలబడ్డాడు. పైన ఒకామె పసివాణ్ణి భుజాన వేసుకుని కిటికీ దగ్గర వాన చూస్తోంది. రోజూ ముందుగా మూసుకునేది ఆ కిటికీయే. చిప్పలు ఎర్రగా అంటుకున్నాయి. గిన్నె అడుగున మంట పట్టింది. ఆమె చెయ్యి కిటికీ రెక్క మీదికి వెళ్ళింది. ఆమె రెక్కని ఇంకాస్త బార్లా తెరిచి, వాన చినుకులు పట్టుకోమని పిల్లాడి చెయ్యి బయటికి చాపింది.

జబ్బార్ కళ్ళు చెమర్చాయి. ఈసారి పొగ వల్ల కాదు.

రోడ్డవతల అప్పుడే బుల్లిరాజు గారి గొంతు లేచింది. "చూశారా పాండురంగారావు గారూ, ఇస్త్రీ బొగ్గుల ఉపాయం చెప్పిందెవరు? నేను లేకపోతే ఈ వీధి ఏమైపోయేది! ఆ ఇన్‌స్పెక్టరు రానీండి, ఈ పొయ్యి సంగతంతా నేనే దగ్గరుండి చెబుతాను..."

చాంద్ బీ గిన్నె మీద మూత సర్దుతూ భర్తతో మెల్లగా అంది. "ఏవండీ, ఇన్‌స్పెక్టరు గారొచ్చేలోపు రాజుగారికి ఓ ప్లేటు పొద్దుటి బిర్యానీ పెట్టి లోపల కూచోబెట్టండి. ఈయన పొగ లేదన్నారంటే, లేని పొగ కూడా ఉందనుకుంటారు."