బంగాళాదుంపల కింద కంకర

సభకు అధ్యక్షత వహిస్తున్న మన పురపాలక సంఘం పెద్ద ఉర్పో హల్లికైనెన్ గారికి, ముందు వరుసలో అప్పుడే రెండో ముక్క కేకు అందుకుంటున్న పెద్దలకు, మిత్రులకు, ఈ రోజు ఉద్యోగ విరమణ చేస్తున్న మా తైమి గారికి నమస్కారం. నేను హిల్లాని. భూగర్భశాస్త్రం చదువుతూ ఈ వేసవంతా తైమి గారి వెనక ఇనుప కడ్డీ మోసినదాన్ని. క్లుప్తంగా మాట్లాడమన్నారు, ప్రయత్నిస్తాను. (నవ్వులు)

వేల ఏళ్ల కిందట మన ఫిన్లాండ్ మీద పేరుకున్న మంచు కరిగినప్పుడు, దాని అడుగున పారిన ఏరులు ఇసుకా కంకరా ఎక్కడెక్కడ పోసి వెళ్లాయో వెతికి పటం గీయడం తైమి గారి పని. ఆ ఏరులకు మన పొలాల సరిహద్దులు తెలియవు గదా! అందుకే ఆవిడ ఎక్కడికి వెళ్లినా, తన చేను తవ్వేస్తారేమోనని ప్రతి రైతూ "కంకరా? మా దగ్గరెక్కడిదమ్మా, పక్కాయన చేను చూడండి" అనేవాడు. ఉర్పో గారూ, మీరప్పుడే నవ్వకండి, మీ దగ్గరికే వస్తున్నాను.

ఏటా మంచు కరిగే రోజుల్లో బడి బస్సు బురదలో దిగబడుతోంది కనుక రోడ్డుకు కంకర కావాలి. దానికోసం ఆ ఏరులే పోసి వెళ్లిన మన ఊరి ఇసుక గుట్టను తవ్వాలా వద్దా అన్నది రేపటి సమావేశంలో తేలుతుంది. తైమి గారికి అదే బెంగ, ఎందుకంటే ఊరందరి మంచినీళ్లూ ఆ గుట్ట కడుపులోనే ఉన్నాయి. "ఇంకోచోట కంకర చూపించిగాని ఉద్యోగం వదలనే పిల్లా" అంటూ నన్ను మన అధ్యక్షుల వారి బంగాళాదుంపల చేనికి బయల్దేరదీశారు.

"నా చేలో అంతా బంకమట్టే తైమీ, ఎందుకొచ్చిన శ్రమ?" అన్నారు ఆయన.

పైన మూరెడు నిజంగా బంకమట్టే. ఇంకాస్త దిగేసరికి కడ్డీ కరకరమంది.

"అది మీ కడ్డీ తుప్పు చప్పుడు," అన్నారు ఉర్పో గారు.

తైమి గారు లోపలి మట్టి పైకి తీసి, చిటికెడు తన పంటి కింద వేసుకుని, ఇంకో చిటికెడు ఆయన అరచేతిలో పోశారు. మా పనిలో ఇది మామూలే. బంకమట్టి అయితే వెన్నలా జారిపోతుంది.

"నమిలి మీరే చెప్పండి ఉర్పో. బంకమట్టి అయితే ఇప్పుడే వెళ్లిపోతాం."

ఆయన నమిలారు. ఆ చప్పుడు గట్టు మీదున్న నాకూ వినిపించింది.

"అవి నా కట్టుడు పళ్లు!" అన్నారు. (పెద్దగా నవ్వులు)

మీరు నవ్వుతున్నారు గానీ, తిరిగి వస్తూ కారులో ఆవిడ నవ్వలేదు. "పటం అయితే ఇచ్చేస్తాను. నేను వెళ్లిపోయాక దాన్ని ఎవరు విప్పి చూస్తారే?" అన్నారు. ఆ గొంతులో దిగులు నాకింకా వినిపిస్తూనే ఉంది.

అందుకే అధ్యక్షా, సభామర్యాద కాసేపు పక్కన పెట్టి అడుగుతున్నాను. మీ చేతిలో కాఫీ బాగుందా? ఆ నీళ్లు గుట్ట ఇసుకలో వడగట్టుకుని వచ్చినవే. రేపు మీరు చెయ్యెత్తేది గుట్ట తవ్వడానికా, మీ చేను ఇవ్వడానికా?

(అధ్యక్షులు కప్పు కింద పెట్టి, కూర్చున్న చోటి నుంచే: "నా చేలో బంగాళాదుంపలు తవ్వుకునేదాకా అయినా ఆగుతారా, ఆగరా?" చప్పట్లు)

ఆగుతామండీ, సంచులు మేమే మోస్తాం! తైమి గారూ, విన్నారుగా? మీ పటాన్ని చూసేవాళ్లున్నారు. నాకు మట్టి రుచి చూపించిన మీకు, నన్నింతసేపు భరించిన సభకు కృతజ్ఞతలు. ఇక ఆయన మనసు మారకముందే దిగిపోతాను. సెలవు.